ఎర్రదారం ఫ్లాస్కు

మాల్యాద్రి సారు రెండు ఫ్లాస్కులు తెస్తాడు
వింజమూరు నుంచి మోపెడ్ మీద, చీకటుండంగానే.
ఒకదాంట్లో కాఫీ. ఇంకోదాంట్లో ఉత్త చికోరీ.
అవే పాలు, అదే బెల్లం,
రెండిటికీ ఒకటే మాడు వాసన.
ఒకదాని మెడకు ఎర్రదారం కడతాడు.
ఆ దారం ఇవాళ దేనిదో, రేపు దేనిదో
ఆయన నోటుబుక్కుకే తెలుసు.

"ఎక్కే గంట ముందు తాగాల మ్మే,
నీ బరువు నలభై తొమ్మిది. దానికింత" అంటాడు.
పొడి కొలిచేది మా అబ్బా చెక్కిన చెంచాతో,
ఈ దుర్గం అడవిలోదే బిక్కి చెక్క,
ఆకురాయి కింద నున్నబడింది.
అంచుకు మట్టంగా ఒకటి, పైన చిటికెడు.
చెంచా అమ్మింది ముప్పై రూపాయలకి,
దాంతో నన్ను కొలుస్తారని అబ్బా అనుకోలేదు.

కొండ తూర్పు ముఖం మీద తొమ్మిది బోల్టులు.
ఏడోది దాటాక రాయి
నిండుచూలాలి కడుపులా ముందుకొస్తుంది.
అక్కడున్నదంతా రెండు వేళ్లు పట్టే నెర్ర.
ఐదు నెలలుగా నేను పడేది అక్కడే.
ముంజేతులు ముందు కాగుతాయి, తర్వాత బిగుస్తాయి,
ఆపైన వేళ్లు ఒకదాని వెనక ఒకటి
సెలవు చీటీ రాసిచ్చి పోతాయి.
తాడు పట్టిన మస్తాన్ కింద నుంచి
"పోయిందా?" అంటాడు.
పోయింది.

తేనెకొచ్చిన పోలయ్య తాత
ఫ్లాస్కుల వంక చూసి నవ్వాడు ఒకసారి:
"మేం పట్టు కొయ్యను దిగేటప్పుడు
కాఫీ కాదు గదా, నీళ్లు గూడా తాగం.
నడిమధ్యలో ఒంటికొస్తే యాడికి పోతావమ్మా?"
సారు అది కూడా రాసుకున్నాడు.

ఏది తాగానో పొద్దున చెప్పలేను.
చెవుల్లో డీజిలింజను కొట్టుకుంటే కాఫీ అనుకుంటాను,
కానీ ఎత్తుకు భయపడినా అదే ఇంజను.
మోకాలు జల్లెడ పట్టినట్టు ఆడితే కాఫీ అనుకుంటాను,
కానీ రాత్రి తిన్నది సగం ముద్దే.
తెలిసేది రాత్రికే.
చికోరీ అయితే చాప మీద పడితే రాయినే.
కాఫీ అయితే
పక్కగదిలో అబ్బా ఆకురాయి రాపిడి
చెంచా తర్వాత చెంచా లెక్కపెడుతూ పడుకుంటాను,
పదకొండు, పన్నెండు,
పదమూడోదానికి కాడ విరిగి ఆయన తిట్టుకోవడం.

నోటుబుక్కు ప్రకారం కాఫీ పూట
నెర్రలో నా వేళ్లు నాలుగు సెకన్లు ఎక్కువ నిలుస్తాయి.
నాలుగు సెకన్లు.
అప్పుడప్పుడు మూడే.
"మ్మేయ్ గౌసియా, అది తక్కువనుకోబాక" అంటాడు సారు,
తనే ఏదో కొండెక్కినట్టు.

ఆ శుక్రవారం మోపెడ్ గుంతలో పడింది.
ఎర్రదారం ఎక్కడో దారిలో ఊడిపోయింది.
సారు రెండు మూతలూ వాసన చూశాడు,
నాలిక మీద చుక్క వేసుకున్నాడు, ఉమ్మాడు.
తెలీలేదు.
"ఇవాళ మానేద్దాం."
అప్పటికే నేను చేతికందింది తాగేశాను.

ఏడో బోల్టు. కడుపు. నెర్ర.
సుద్ద రాసిన రెండు వేళ్లు దూర్చి
ఎప్పుడూ పడే చోట
పడడం మర్చిపోయినట్టున్నాను.
ఎడమ చెయ్యి పైకి పోయింది, అక్కడ చల్లగా
ఒక అంచు, దాని మీద ఎండు గడ్డి,
గడ్డిలో తొండ. అది నన్ను చూసి తల ఎత్తింది, దించింది.
తొమ్మిదో బోల్టుకు తాడు తగిలించాక
కింద ఉదయగిరి ఊరు,
మా రేకుల కప్పు ఏదో వెతకడం గుర్తు రాలేదు.

సారు తేదీ రాశాడు, చాలాసేపు పెన్ను నమిలాడు,
ఎదురుగా రాశాడు: లెక్కలోకి రాదు.

రాత్రి చాప మీద కళ్లు తెరుచుకునే ఉన్నాను.
పక్కగదిలో ఆకురాయి, ఆరు, ఏడు...
ఇది కాఫీయా?
ఎనిమిది.
కుడిచేతి రెండు వేళ్లు ముడుచుకునే ఉన్నాయి ఇంకా,
విప్పబోయాను, విప్పలేదు.
తెల్లారగానే మొదటి మాట సారు అడిగేది ఒక్కటే,
నిద్ర పట్టిందా అని.
ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను.
తొమ్మిది.